ఉచితమైన చప్పుడు

కత్తికి సాన పడితే జుయ్యిమని చప్పుడొస్తుంది. అందులో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను. కాకినాడ వీధుల్లో సైకిలుకి స్టాండు వేసి, పెడలు తొక్కి, దానికి బిగించిన రాతి చక్రం మీద ఊరి జనం కత్తులూ కత్తెర్లూ ఆనించి, ఆ చప్పుడు చేస్తూనే మీసాలు నెరిపించుకున్నాను. కుక్కలు మొరిగాయి. జోకొట్టి పడుకోబెట్టిన పిల్లలు లేచి ఏడ్చారు. ఆ పిల్లల తల్లులు నన్ను తిట్టారు. ప్రభుత్వం మాత్రం ఏనాడూ నన్ను పట్టించుకోలేదు. సుఖమంటే అదేనని అప్పట్లో తెలియలేదు.

పట్టించుకోవడం కాత్యాయని వల్ల మొదలైంది. ఆవిడ పప్పుల మిల్లు వీధిలో ఒక మేడ మీద అద్దెకుంటుంది. ముప్పై దాటిన మనిషి. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఆటలు తయారు చేస్తుంది. ఆడటం కాదు, తయారు చెయ్యడం. ఆడేవాళ్ళు వేరే ఉంటారట. ఒకరోజు నేను కింద కత్తిపీట పదును పెడుతుంటే చేతిలో ఫోను పట్టుకుని గబగబా మెట్లు దిగొచ్చింది.

"బాబాయ్, ఆ చప్పుడు ఇంకోసారి చెయ్యవా?"

"కత్తేదమ్మా?"

"కత్తి లేదు. చప్పుడు చాలు."

కత్తి లేకుండా చప్పుడు చేసేవాళ్ళను ఎన్నికలప్పుడు చూశాను గాని, కావాలని అడిగేవాళ్ళను అదే చూడటం. ఆవిడే విడమరిచి చెప్పింది. ఆవిడ చేసే ఆటలో ఒక రాణి కత్తి పట్టుకుని రాక్షసుల మీదికి వెళుతుంది. ఆ కత్తి దూసేటప్పుడు నా చప్పుడు రావాలి.

"ఇలాంటివి కొనుక్కోవడం నా వల్ల కాదు బాబాయ్. ఊరికే ఇచ్చేవాళ్ళుంటారు. ఎవరో చెట్టు బొమ్మ గీసి ఇంటర్నెట్టులో పెడతారు. ఇంకెవరో వాన చప్పుడు రికార్డు చేసి పెడతారు. నాలాంటివాళ్ళు తీసుకుని ఆటలో వాడుకుంటారు. ఇచ్చినవాళ్ళ పేరు రాస్తే చాలు."

"డబ్బులివ్వరా?"

"ఇవ్వరు."

"మరి వాళ్ళకేటి లాభం?"

"వాళ్ళూ ఇంకొకళ్ళ దగ్గర తీసుకుంటారుగా. నేనూ అలాగే పెడతా."

ఆలోచించాను. నా చప్పుడు ఎలాగూ గాల్లో కలిసిపోయేదే. పైగా పేరు రాస్తానంటోంది. నా పేరు అచ్చంగా రాసి ఉండటం బడి హాజరు పట్టీలోనే చూశాను, ఆరో తరగతిలో దాన్ని కూడా కొట్టేశారు. సరే తీసుకోమన్నాను. ఆవిడ రికార్డు చేసి, "సాన చప్పుడు: నూకరాజు, కాకినాడ" అని పెట్టింది. పెట్టి, నా మేలు కోరి ఒక షరతు కూడా తగిలించింది. ఈ చప్పుడు వాడి ఎవరేం తయారు చేసినా, వాళ్ళూ దాన్ని ఊరికే పంచాలి.

"ఎందుకమ్మా అది?"

"ఎవడో నీ చప్పుడు తీసుకుని, దానికి రంగులద్ది అమ్ముకోకుండా."

బాగానే ఉందనిపించింది. మంచి మనుషులు నా మేలు కోరినప్పుడల్లా నాకు అలాగే అనిపిస్తుంది.

కొన్నాళ్ళకు మన ప్రభుత్వానికి ఆటల పిచ్చి పట్టుకుంది. ఇలా ఊరికే పంచుకునే బొమ్మల్లో, చప్పుళ్ళలో మన రాష్ట్రమే ముందుండాలని ఎవరో పెద్దాయన సభలో అనేశారు. ఆయన దిగి కారెక్కేలోగా ఒక మండలి ఏర్పాటైంది. పైనుంచి ఇంగ్లీషులో 'ఫ్రీ' అని వచ్చిన ముక్కను కింద ఎవరో గుమాస్తా తెలుగు చేశాడు. అలా దాని పేరు 'రాష్ట్ర ఉచిత కళాధ్వని మండలి' అయింది. ఆ పేరు చూసి ఇంకో గుమాస్తా, ఉచితం మీద పరిశోధన చేసిన పండితుడు ఎవరైనా ఉన్నారా అని వెతికాడు. ఉన్నారు. ఔచిత్యం మీద దిండు మందాన గ్రంథం రాసిన ఆచార్య నిడుముక్కల విశ్వంభరం గారు. ఆయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు.

ప్రారంభోత్సవానికి నన్ను కూడా పిలిచారు. జిల్లాలో చప్పుడు దానం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే దొరికానట. విశ్వంభరం గారికి ఎర్ర వెల్వెట్టు పెట్టెలో వెండి ఖడ్గం బహూకరించారు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని మాట్లాడారు.

"ఉచితమనగా తగినది. తగని చిత్రము, తగని ధ్వని ఈ మండలి గడప తొక్కరాదు. బాలబాలికలు ఆడు ఆటలలో ప్రతి శబ్దమును ఔచిత్యపు గీటురాయిపై పరీక్షింతుము."

పక్కనే ఉన్న జాయింట్ డైరెక్టరు హరనాథ్ గారు వంగి, "సార్, ఇక్కడ ఉచితమంటే ఫ్రీ అండి" అన్నారు. మైకు ఆ ముక్కను కూడా ఊరందరికీ వినిపించింది.

"అది బజారు అర్థము" అన్నారు విశ్వంభరం గారు.

ఇద్దరికీ చెడకుండా తరవాత నిబంధనలు రాశారు. మొదటి నిబంధన నాకు నోటికొచ్చు: 'ఉచితము అను పదమునకు ఉచితము అనియే అర్థము; ఈ అర్థము ఉభయార్థములలోను వర్తించును.' అంటే ఉచితమైనదేదైనా తగినదై ఉండాలి, డబ్బు తీసుకోకుండానూ ఉండాలి. తగనిది ఉచితం కాదు.

ఆ రోజు నాకూ శాలువా కప్పారు. కప్పిన చేత్తోనే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా సాన ధ్వనిని మండలికి శాశ్వతంగా, తిరుగులేకుండా దానం చేశానని అందులో ఉందట. ఫోటో తీస్తుండటంతో నవ్వుతూ పెట్టాను.

ఆ తరవాత మండలి పరీక్షలు మొదలుపెట్టింది. కాత్యాయని ఆటలో రాక్షసుడి గర్జన పెద్దల పట్ల అమర్యాదగా ఉందని తీసేశారు. ఇప్పుడు ఆ రాక్షసుడు గుహలోంచి వచ్చి, గొంతు సవరించుకుని నిలబడతాడు. వాన చప్పుడు బాగానే ఉంది గాని ఏ నెలలో వానో చెప్పలేదని ఆపేశారు. వేసవి వానైతే మామిడి రైతుల మనోభావాలు దెబ్బతింటాయట. రాణి గుళ్ళోకి వెళ్ళేటప్పుడు అడుగుల చప్పుడు చెప్పులతో ఉందని, ఆటను మళ్ళీ వట్టి కాళ్ళతో చేసి తెమ్మన్నారు. నా జుయ్యిమనే చప్పుడు నిఘంటువులో లేదని, కత్తి చప్పుడు ఖణేల్మనే ఉండాలని విశ్వంభరం గారు కాసేపు బాధపడ్డారు. కాని శాలువా కప్పేశారు కాబట్టి నన్ను ఉచితం చేసేశారు.

నా చప్పుడు ఉచితమని తేలిన మర్నాడు యథాప్రకారం పప్పుల మిల్లు వీధికెళ్ళాను. ముందు మాణిక్యమ్మ గారు వచ్చారు. హరనాథ్ గారికి అత్తగారు. కూరగాయల కత్తి, కత్తిపీట, కొబ్బరి కత్తి, అటకమీద తుప్పు పట్టిన కొడవలి, అన్నీ పళ్ళెంలో పెట్టుకుని తెచ్చారు. చెమటలు కక్కి అన్నిటికీ సాన పట్టాను. ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోతున్నారు.

"అమ్మగారూ, డబ్బులండీ."

"ఏం డబ్బులు నూకరాజూ? ఉచితమటగా. పేపర్లో నీ ఫోటో కూడా పడింది, పళ్ళన్నీ బయటపెట్టి."

"ఉచితం చప్పుడండి. సాన కాదండి."

"అయితే చప్పుడు కాకుండా పట్టాల్సింది. చప్పుడు పడ్డాక అదంతా ఉచితమేనట. మా అల్లుడు చెప్పాడు. ఆ కొడవలి ఇంకాస్త మొద్దుగా ఉన్నట్టుందే, మళ్ళీ ఓసారి చూడు."

చుట్టూ చూశాను. వీధి వీధంతా కత్తులు పట్టుకుని నా వైపే నడిచొస్తోంది. మామూలు రోజుల్లో అలా వస్తే పరిగెత్తేవాణ్ణి.

వట్టి జేబుతో ఇంటికి వెళితే మా ఆవిడ రాఘవమ్మ శాలువా దులుపుతూ ఉంది. "ఇది కప్పినాయన పప్పూ నూనే కూడా ఇస్తాడేమో కనుక్కోకపోయావా" అంది.

మండలి ఆఫీసు పాత కల్యాణ మండపం పై అంతస్తులో ఉంది. హరనాథ్ గారు నన్ను కూర్చోమన్నారు. శాలువా కప్పినవాళ్ళను ఇంకా నిలబెట్టడం మొదలవలేదు.

"చూడండి నూకరాజు గారూ. మీ ధ్వనిని వినియోగించి తయారైన ఏ వస్తువునైనా ఉచితంగానే పంచవలెను. ఇది మీరు పెట్టిన షరతే. మీ ధ్వని లేకుండా కత్తికి పదును వస్తుందా?"

"రాదండి."

"గావున పదునైన కత్తి ఉత్పన్న కృతి."

"ఏం కృతండి?"

"ఉత్పన్న. మీ ధ్వనిలోంచి పుట్టింది."

"కూరగాయలు తరిగే కత్తండి బాబూ."

"ఆ కూర విషయం కూడా తేలాలి. దాని మీద ఉపసంఘం వేశాం."

"నా చక్రం నేను తొక్కుకుంటే కూడానా అండి?"

"నిరభ్యంతరంగా తొక్కుకోండి. కాని ధ్వని చేసిన ప్రతిసారీ అది నూకరాజు గారి సౌజన్యమని బిగ్గరగా చెప్పాలి."

"నేనే నూకరాజునండి."

"అయినా చెప్పాలి. రూల్సు ముందు అందరూ సమానమే."

ఉపసంఘం చురుకైనదే. వారం తిరక్కుండా తేల్చేసింది. నేను పదును పెట్టిన కత్తెరతో చేసిన క్షవరం ఉత్పన్న కృతి. నేను పదును పెట్టిన కత్తితో కొట్టిన మటన్ ఉత్పన్న కృతి. నేను పదును పెట్టిన కత్తెరతో కత్తిరించిన జాకెట్టు కూడా అంతే, కాకపోతే కుట్టుకు మాత్రం దర్జీ డబ్బు తీసుకోవచ్చు. మటన్ కొట్టు మస్తాన్ దగ్గర జనం తెల్లారేసరికి బారులు తీరారు. అతను కత్తి పక్కన పడేసి, ఇకమీదట మేకను బతికుండగానే అమ్ముతానన్నాడు. సెలూన్ అప్పన్న అయితే ప్రతి తలకూ చివర్లో "ఈ క్రాపు నూకరాజు గారి ధ్వని సౌజన్యంతో" అని చెప్పి చెప్పి గొంతు బొంగురు చేసుకున్నాడు. వీధి చివర నన్ను చూసి దువ్వెన విసిరాడు.

"నా షాపు గుమ్మంలో నీ సైకిలు కనపడిందంటే, ఉత్పన్నం నిన్ను చేస్తాను" అన్నాడు.

అలా డబ్బు పుట్టే కత్తులన్నీ నా నుంచి పారిపోయాయి. పుట్టనివి మాత్రం బారులు తీరి వచ్చాయి. చప్పుడు కాకుండా సాన పట్టి చూశాను. చక్రానికి గుడ్డ చుడితే గుడ్డకు పదునొచ్చింది, కత్తికి రాలేదు. రాఘవమ్మ శాలువాను అమ్మబోతే, పాత శాలువాల షాపువాడు "ఇవి మా దగ్గరే కొన్నారమ్మా, మళ్ళీ మాకే అమ్ముతారా" అని తిప్పి పంపాడు.

కాత్యాయని చాలా నొచ్చుకుంది. నన్ను వెంటబెట్టుకుని మండలికి వచ్చింది. దానం వెనక్కి ఇచ్చెయ్యమని అడిగింది.

"తిరుగులేని దానం మేడమ్" అన్నారు హరనాథ్ గారు. "తిరుగు ఉంటే మేము తీసుకునేవాళ్ళమే కాదు."

కాత్యాయని బల్ల మీదున్న నిబంధనల పుస్తకం తీసి తిరగేసింది. మొదటి పేజీ దాటలేదు. అక్కడే ఆగి, నెమ్మదిగా అడిగింది.

"సార్, ఒక ధ్వని తగనిదని అధ్యక్షులు అంటే?"

"అనుచితం అవుతుంది."

"అనుచితమైతే?"

"ఇక ఉచితం కాదు."

"ఉభయార్థాల్లోనూనా?"

హరనాథ్ గారు మొదటి నిబంధన మళ్ళీ చదువుకున్నారు. చదివేటప్పుడు పెదాలు కదిలాయి. "ఉభయార్థములలోను" అన్నారు.

అదీ దారి. నా చప్పుడు బూతని రుజువైతే నాకు అన్నం దొరుకుతుంది. నా చప్పుడు అనుచితం, విచారించి కొట్టేయండి అని అర్జీ పెట్టాను. తమ శీలం మంచిదని మొత్తుకునేవాళ్ళే గాని, చెడ్డదని సర్కారుకి మొరపెట్టుకున్న మొదటివాణ్ణి నేనేనని అక్కడి అటెండరు మెచ్చుకున్నాడు.

విచారణ రోజున విశ్వంభరం గారు సింహాసనం లాంటి పెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మండపం వాళ్ళ కుర్చీలే మండలికీ దిక్కు. వెనక గోడకు వెండి ఖడ్గం వేలాడుతోంది. ముందుగా కాత్యాయని రికార్డు చేసిన చప్పుడు వేశారు. ఆవిడ చేతి చలవ వల్ల అది వీణ మీటినట్టుంది. నాకే ముచ్చటేసింది, నా కొంప మునిగింది.

"ఇందులో వీరరసము పుష్కలముగా ఉన్నది" అన్నారు విశ్వంభరం గారు కళ్ళు మూసుకుని. "అనుచితమన్నదెవరు?"

"నేనేనండి. వింటే పళ్ళు జివ్వుమంటాయండి."

"పళ్ళు ఔచిత్యపు పరిధిలోనికి రావు. సూత్రము చదువుమయ్యా."

హరనాథ్ గారు చదివారు. "ఏ ధ్వనిని విన్నంతనే పెద్దమనిషి నోట అనుచిత పదము వెలువడునో, అది అనుచిత ధ్వని."

"ఇచ్చట పెద్దమనిషిని నేను" అన్నారు విశ్వంభరం గారు. "నా నోట ఏ పదమూ వెలువడలేదు. అర్జీ కొట్టివేయడమైనది."

"అయ్యగారూ" అన్నాను. "మీరు విన్నది బొమ్మండి. అసలు చప్పుడు వినలేదండి. చక్రం కింద ఉంది, పైకి తెచ్చుకుంటానండి."

అసలు వినకుండా తీర్పివ్వడం అనుచితమని కాత్యాయని అంది. ఆ మాట వాడేసరికి ఆయన కాదనలేకపోయారు. అటెండరూ నేనూ సైకిలు మోసుకుని మెట్లెక్కాం. స్టాండు వేశాను. తీరా చూస్తే కత్తి లేదు. మొత్తం ఆఫీసు గాలిస్తే కాగితాలు కోసే స్కేలొకటి దొరికింది.

"ఆటలో ఉన్నది ఖడ్గం కదండీ" అంది కాత్యాయని గోడకేసి చూస్తూ. "ఖడ్గం మీదే వింటే ఉచితంగా ఉంటుంది."

"అవునవును. సన్నివేశౌచిత్యము" అన్నారు విశ్వంభరం గారు. తన ఖడ్గం పదునెక్కుతుందన్న ముచ్చట కూడా ఆయన మొహంలో కనపడింది. అటెండరు కుర్చీ ఎక్కి దాన్ని దింపాడు.

చేతిలోకి తీసుకోగానే నాకు సంగతి తెలిసింది. బరువు లేదు. నేను చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. చక్రం మీద నీళ్ళు చల్లడం నా అలవాటు. ఆ రోజు చల్లలేదు. పెడలు మీద నిలబడి, చక్రం గిర్రున అందుకున్నాక, అడ్డంగా ఆనించాను.

జుయ్యి కాదు. పలక మీద మేకుతో గీసినట్టు, దాని మీద పిల్లి ఏడ్చినట్టు, ఆ రెంటినీ రేకు డబ్బాలో పెట్టి ఆడించినట్టు చప్పుడొచ్చింది. టైపు చేసే అమ్మాయి చెవులు మూసుకుంది. హరనాథ్ గారు బల్ల పట్టుకున్నారు. విశ్వంభరం గారు మాత్రం పళ్ళు బిగబట్టి, పెద్దమనిషి లాగే కూర్చున్నారు. అంతలో ఖడ్గం మీద వెండి పెచ్చులు పెచ్చులుగా లేచి ఆయన ఒళ్ళో పడింది. కింద డాల్డా డబ్బా రేకు కనపడింది. డబ్బా మీది అక్షరాలు కూడా సగం కనపడ్డాయి.

అప్పుడు విశ్వంభరం గారు ఒక మాట అన్నారు.

ఆ మాట ఇక్కడ రాయను. లారీ రివర్సు చేస్తుండగా కాలు తొక్కించుకున్న క్లీనరు నోట విన్నాను గాని, ఇంత స్పష్టమైన ఉచ్చారణతో ఎప్పుడూ వినలేదు. పండితులు పండితులే.

టైపు అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసి, "సార్, రెండో అక్షరానికి ఒత్తుందాండి?" అంది.

"అది నమోదు చేయవద్దు" అన్నారు విశ్వంభరం గారు.

"చేయక తప్పదు సార్. విచారణలో పలికిన ప్రతి పదమూ ఎక్కించాలని మీరే సూత్రం రాశారు" అన్నారు హరనాథ్ గారు. చాలాకాలంగా ఈ రోజు కోసం చూస్తున్నవాడిలా ఉన్నారు. "ఇప్పుడు రెండే దారులు. ధ్వని అనుచితమని ఒప్పుకోవాలి. లేదా తమరు పెద్దమనిషి కాదని రాసుకోవాలి."

విశ్వంభరం గారు ఒళ్ళోని వెండి పెచ్చులు ఏరుకుంటూ ఆలోచించారు. ఎక్కువసేపు పట్టలేదు.

నా చప్పుడు అనుచితమైంది. మెడలో వేసుకోమని కార్డిచ్చారు. 'అనుచిత ధ్వని, నూకరాజు, కాకినాడ' అని పెద్దక్షరాలతో ఉంది, కింద సంతకం, గుండ్రటి స్టాంపు. ఆ సాయంత్రమే మస్తాన్ కత్తులన్నీ పంపాడు. అప్పన్న దువ్వెన వెనక్కి ఇమ్మని, కత్తెర ఇచ్చాడు. మాణిక్యమ్మ గారు కొడవలిని మళ్ళీ అటకెక్కించారు.

కాత్యాయని ఆటలో నా చప్పుడు తీసేయాల్సి వచ్చింది. దాని స్థానంలో మండలి వారే ఉచితమైన కత్తి చప్పుడు ఇచ్చారు. విశ్వంభరం గారు స్వయంగా మైకులో "ఖణేల్" అన్నది. రాణి కత్తి దూసినప్పుడల్లా ముసలి గొంతు ఒకటి ఖణేల్ అంటుంది. గుహలోంచి వచ్చిన రాక్షసుడు గొంతు సవరించుకుంటాడు. అది చూసి నవ్వుకోవడానికే జనం ఆ ఆట ఎగబడి ఆడుతున్నారట. "నా రాణి పరువు పోయింది బాబాయ్" అని ఆవిడ నాతో అంది గాని, నవ్వాపుకోలేకపోయింది.

మొన్న ఆవకాయల రోజుల్లో విశ్వంభరం గారి వీధిలో స్టాండు వేశాను. గేటు తీసుకుని ఆయనే వచ్చారు, చేతిలో మామిడికాయలు కొట్టే కత్తి. లోపలినుంచి ఆయన భార్య గొంతు తరుముతూనే ఉంది. నేను నీళ్ళు చల్లి, మర్యాదగా సాన పట్టాను. ఆయన మాత్రం అయిందాకా కండువా అంచు నోట్లో కుక్కుకునే నిలబడ్డారు.

నా రేటు చెప్పాను. ఆయన కండువా తీసి, నన్ను ఎగాదిగా చూశారు.

"ఒక కత్తికి ఇంతా? ఇంత అడగడం ఉచితమేనా నూకరాజూ?"

మెడలో కార్డు తిరగబడి ఉంటే సరిచేసి, ఆయన సంతకం కనపడేలా పట్టుకున్నాను.